పసిపిల్లలకు జ్వరం మందు: కొలిచి పట్టించడం ఎలా?

పిల్లల జ్వరానికి డాక్టర్లు ఎక్కువగా రాసే మందు పారాసిటమాల్. సరైన మోతాదులో ఇస్తే ఇది మంచి మందు. మోతాదు మించితే మాత్రం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఆ దెబ్బ మొదటి రోజు పైకి తెలియకపోవచ్చు కూడా. అందుకే సీసా మూత తీసే ముందే ఈ పనులు వరుసగా చేయండి.

1. వయసు చూడండి. మూడు నెలలు నిండని బిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ గానీ, అంతకు మించి గానీ జ్వరం ఉంటే ఇంట్లో మందు వేయొద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

2. బరువు తూచండి. పిల్లల మోతాదు బరువును బట్టి ఉంటుంది. నిలబడలేని బిడ్డయితే ఎత్తుకుని తూకం చూసుకోండి. తర్వాత మీరొక్కరే తూగి, ఆ బరువు తీసేయండి. పారాసిటమాల్ ఒక్కో మోతాదు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు.

3. సీసా మీది అంకెలు చదవండి. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. పేరు ఒకటే అయినా సీసాను బట్టి మందు గాఢత మారుతుంది. చుక్కల మందులో సాధారణంగా 1 మి.లీ.కు 100 మి.గ్రా. ఉంటుంది. మామూలు సిరప్‌లో 5 మి.లీ.కు 120 లేదా 125, గాఢమైన సిరప్‌లో 5 మి.లీ.కు 250 మి.గ్రా. ఉంటాయి.

పది కిలోల బిడ్డకు డాక్టరు 150 మి.గ్రా. ఇవ్వమన్నారనుకుందాం. 125 సిరప్ అయితే 6 మి.లీ., 250 సిరప్ అయితే 3 మి.లీ., చుక్కల మందు అయితే ఒకటిన్నర మి.లీ. మాత్రమే. సిరప్ లెక్కతో చుక్కల మందు 6 మి.లీ. పోస్తే నాలుగింతలు లోపలికి పోతుంది. అందుకే “ఎన్ని మి.లీ.?” అని అడిగి ఊరుకోకండి. “ఏ సీసాలోది?” అని కూడా డాక్టరును అడిగి, చీటీ మీద రాయించుకోండి.

4. కొలవండి. వంటింటి చెంచాలు, ఉగ్గుగిన్నెలు ఒక్కో ఇంట్లో ఒక్కో కొలతలో ఉంటాయి. సీసాతో వచ్చిన కొలత మూత గానీ, సూది లేని సిరంజి గానీ వాడండి. సీసాను బాగా కుదిపాకే మందు తీయండి.

5. పట్టించండి. బిడ్డను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకోండి. బుగ్గ లోపలి వైపు కొంచెం కొంచెంగా వదలండి. పడుకోబెట్టి, ముక్కు మూసి పోస్తే పొలమారే ప్రమాదం ఉంది. పాలసీసాలో కలపొద్దు. సగం తాగి వదిలేస్తే ఎంత మందు వెళ్లిందో తెలియదు.

6. రాసి పెట్టండి. ఇచ్చిన టైము, మోతాదు కాగితం మీద రాసి అందరికీ కనిపించేలా ఉంచండి. అమ్మ ఇచ్చిన సంగతి తెలియక నాయనమ్మ మళ్లీ పట్టించే ఇళ్లు ఉంటాయి. రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటల ఎడం ఉండాలి. 24 గంటల్లో నాలుగు సార్లకు మించొద్దు.

7. సొంతంగా వేరే మందు జోడించొద్దు. కొన్ని జలుబు సిరప్‌లలోనూ పారాసిటమాల్ ఉంటుంది. రెండూ ఇస్తే మోతాదు రెట్టింపవుతుంది. పిల్లలకు ఆస్పిరిన్ వద్దు. పన్నెండేళ్ల లోపు వారికి నిమెసులైడ్‌ను మన దేశంలో 2011లోనే నిషేధించారు. డెంగీ అనుమానం ఉంటే ఐబుప్రొఫెన్ కూడా ఇవ్వొద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు సిరప్‌లో కలిసిన డైఇథిలీన్ గ్లైకాల్ విషం చిన్నపిల్లల కిడ్నీలను పాడుచేసి ప్రాణాలు తీసింది. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని, ఇవ్వవద్దని కేంద్రం ఆ తర్వాత సూచించింది. మెడికల్ షాపులో అడిగి తెచ్చి పట్టించే అలవాటు మానుకోవాలి.

8. ఎప్పుడు పరుగెత్తాలో తెలుసుకోండి. ఫిట్స్ వచ్చినా, ఎగశ్వాస పీలుస్తున్నా, పాలు తాగకపోయినా, మూత్రం బాగా తగ్గినా, లేపినా మగతగానే ఉన్నా ఆలస్యం చేయొద్దు. మందు ఎక్కువ పడిందని తెలిస్తే బిడ్డ హుషారుగా ఆడుకుంటున్నా సరే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. వాంతి చేయించే ప్రయత్నం చేయొద్దు. 108కు ఫోన్ చేయండి, సీసాను వెంట తీసుకెళ్లండి. ఏ మందు, ఎంత, ఎప్పుడు వేశారో చెబితే డాక్టరు వెంటనే చికిత్స మొదలుపెట్టగలరు.