పాత ఎస్‌యూవీ బెల్ట్ కీచుమంటోందా? ఫోన్, నీళ్ల స్ప్రేతో కనిపెట్టండిలా

కాకుమానులో మా పాత డీజిల్ ఎస్‌యూవీ పొద్దున్నే స్టార్ట్ చేస్తే కీచుమనేది. ఏసీ వేస్తే ఇంకాస్త ఎక్కువ. బెల్ట్ మార్చెయ్యమన్నారు అందరూ. కానీ టెన్షనర్ పోయి ఉంటే కొత్త బెల్ట్ కూడా ఎక్కువ కాలం నిలవదు.

అందుకే ముందు, ఇంజిన్ నడుస్తుండగా, బెల్ట్ గాడుల వైపు కొంచెం నీళ్లు స్ప్రే చేశాను (చెయ్యి, కండువా దగ్గరికి పోనివ్వొద్దు). శబ్దం కాసేపు ఆగి మళ్లీ వస్తే పుల్లీలు ఒకే వరసలో లేనట్టు. పెరిగితే బెల్ట్ వదులై జారుతున్నట్టు. మాది పెరిగింది. ఫోన్‌లో స్లోమోషన్ వీడియో తీస్తే టెన్షనర్ ఊగిపోతూ కనిపించింది. మామూలుగా చూస్తే ఇది కంటికి దొరకదు.

పగుళ్లు లేవు కదా, బెల్ట్ బానే ఉందనుకోకండి. ఇప్పటి ఈపీడీఎం రబ్బరు అంత తేలిగ్గా పగలదు, గాడులు అరిగి వెడల్పవుతాయి. కోతలప్పుడు రేగే దుమ్ము పడితే ఇంకా తొందరగా.

విప్పేముందు బెల్ట్ ఏ పుల్లీ మీదుగా ఎటు తిరిగిందో ఫొటో తీసుకోండి. లేదంటే సాయంత్రం దాకా కుస్తీయే! ఇంజిన్ చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసి, టెన్షనర్‌ని స్పానర్‌తో తిప్పితే బెల్ట్ వచ్చేస్తుంది. అప్పుడు ఐడ్లర్ పుల్లీని చేత్తో తిప్పండి. గరగరమంటే బేరింగ్ పోయినట్టే. మాది గరగరమంది, టెన్షనర్‌తోపాటు అదీ మార్చేశాను.

కొత్త బెల్ట్‌కి పాతదాని మీది నంబర్ చూడండి. 6పీకే1800 అంటే 6 గట్లు, 1800 మిల్లీమీటర్ల పొడవు. చాలా ఇంజిన్లలో వాటర్ పంప్ కూడా ఈ బెల్ట్‌తోనే తిరుగుతుంది. దారిలో తెగి బ్యాటరీ లైట్ వెలిగితే, ఇంటిదాకా లాగించకుండా అక్కడే ఆపెయ్యండి.