వెంట్రుకను కొలిచే వెలుగు

జగ్గయ్యపేట నుంచి నందిగామ వచ్చే జాతీయ రహదారి పక్కన, వాన వెలిశాక లారీలు ఆగే చోట నీటి గుంటలను గమనించారా? కారిన డీజిలు నీటిపై పలుచని పొరగా పరుచుకుని, నెమలి పింఛంలా రంగులు తేలుతుంటాయి. ఆ రంగులు డీజిలువి కావు, నీటివీ కావు. మరి ఎక్కడివి?

పొర పైతలం నుంచి కొంత, అడుగుతలం నుంచి కొంత కాంతి పరావర్తనం చెంది మన కంటిని చేరుతుంది. అడుగు నుంచి వచ్చేది కాస్త ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది. రెండు తరంగాల శృంగాలు కలిస్తే వెలుగు హెచ్చుతుంది. ఒకదాని శృంగం రెండోదాని ద్రోణితో కలిస్తే వెలుగు అణగిపోతుంది. ఇదే వ్యతికరణం. ఏ రంగు హెచ్చుతుందన్నది పొర మందాన్ని బట్టి ఉంటుంది. అంటే కాంతే ఒక కొలబద్ద!

దానితో తలవెంట్రుకను కొలుద్దాం. ఇది డిగ్రీ కళాశాలల్లో చేయించే ప్రయోగమే. రెండు గాజు పలకలను ఒక అంచున తాకించి, అక్కడికి 5 సెం.మీ. దూరంలో వాటి నడుమ వెంట్రుక ఉంచుతారు. అంచు నుంచి వెంట్రుక వైపు క్రమంగా మందమెక్కే గాలిపొర ఏర్పడుతుంది. సోడియం దీపపు వెలుగులో సూక్ష్మదర్శినితో చూస్తే నల్లని పట్టీలు వరుసగా కనిపిస్తాయి. కాంతి గాలిపొరను పోతూ వస్తూ రెండుసార్లు దాటుతుంది కనుక, పట్టీ పట్టీకీ మందం అర తరంగదైర్ఘ్యం, అనగా 0.0002945 మి.మీ. పెరుగుతుంది. వెంట్రుక వరకు 238 పట్టీలు వచ్చాయనుకోండి. 238 × 0.0002945 = సుమారు 0.07 మి.మీ. వెంట్రుక మందం అదే!

2023 జూలైలో మున్నేరు పొంగి, నందిగామ దగ్గరి ఐతవరం వద్ద ఇదే రహదారిపై రాకపోకలు ఆగిపోయాయి. అటువంటి వరద తీశాక ఏ వంతెనైనా ఎప్పటిలాగే కనిపించవచ్చు. లోపల రవ్వంత సాగిందేమో కంటికి తెలియదు. అందుకే కొన్ని వంతెనలలో ఇంజనీర్లు వెంట్రుకంత సన్నని గాజు తంతువులు అమర్చుతారు. తంతువు లోపల సమాన దూరాల్లో వేలాది గీతల వంటివి ఉంటాయి. వాటి నుంచి మరలిన కాంతి వ్యతికరణం చెంది, ఒకే తరంగదైర్ఘ్యం బలంగా వెనక్కి వస్తుంది. కాంక్రీటు సాగితే గీతల ఎడం పెరిగి, ఆ తరంగదైర్ఘ్యమూ పెరుగుతుంది. మీటరు పొడవు మిల్లీమీటరులో వెయ్యో వంతు సాగినా పట్టేయవచ్చు! అయితే ఎండకూ తంతువు సాగుతుంది. కాబట్టి ఆ తేడా తీసివేయడానికి, బరువు పడని మరో తంతువును పక్కనే ఉంచుతారు.

ఇక మీ వంతు. ఒక గాజును సబ్బునీటిలో ముంచి నిలువుగా పట్టుకోండి. నీరు కిందికి దిగేకొద్దీ పొర పైభాగం పలచబడుతుంది. పగిలే ముందు అక్కడ ఏ రంగు కనిపించిందో, ఎందుకో మీ సైన్సు మాస్టారితో చర్చించండి.