నీరు పల్లమెరుగు: ఆరాధన రోజుల్లో విడిది ఎక్కడ?

ప్రతి యేటా శ్రావణ బహుళ పాడ్యమి, విదియ, తదియ తిథుల్లో మంత్రాలయంలో శ్రీ రాఘవేంద్రస్వామివారి ఆరాధన జరుగుతుంది. 1671లో స్వామివారు బృందావన ప్రవేశం చేసిన తిథి విదియ. ఆ మూడు దినాలకు పూర్వారాధన, మధ్యారాధన, ఉత్తరారాధన అని పేర్లు. ముందు వెనుక రోజులు కలుపుకొని దీనిని సప్తరాత్రోత్సవంగా జరుపుతారు. ఈ సంగతులు ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు విద్యార్థులకు కొత్తగా చెప్పవలసిన పని లేదు. మనలో చాలామంది చిన్నప్పుడు అవ్వ కొంగు పట్టుకొని ఆ జనంలో తిరిగినవాళ్లమే.

ఐతే ఈ వ్యాసంలో నేను ఎత్తుకున్న విషయం ఉత్సవ వర్ణన కాదు. అక్కడికి పోయే ప్రతి బృందమూ బస్సు దిగగానే అడిగే ఒక మామూలు ప్రశ్న ఉంది: "రాత్రికి ఎక్కడ పడుకుందాం?" గదులు ముందే నిండిపోతాయి. సత్రాల వరండాలు సాయంత్రానికే నిండుతాయి. డబ్బు గలవారికి ఏదో ఒక దారి దొరుకుతుంది. చాప, దుప్పటి, చెంబు మూట గట్టుకొని వచ్చిన పల్లె జనానికీ, మనలాంటి విద్యార్థులకూ ఆరుబయలే గతి. ఆ ఆరుబయట ఏ జాగా మంచిది, ఏది చెడ్డది అనేది చూసి తెలుసుకోదగిన విద్య. దీనికి భూగోళశాస్త్రం కొంత, భౌతికశాస్త్రం కొంత, పెద్దల ఇంగితం కొంత కావాలి.

పాట కోసం వచ్చే జనం

ఆరాధనలో పూజ ఎంతో పాటా అంతే. స్వామివారు స్వయంగా వీణా విద్వాంసులు. వారి ముత్తాత కృష్ణభట్టు శ్రీకృష్ణదేవరాయలకు వీణ నేర్పినట్టు స్వామివారి చరిత్ర చెబుతుంది. దానికి తోడు ఈ తుంగభద్ర ఇరు గట్లూ హరిదాసుల సీమ. విజయదాసులు పుట్టిన చీకలపర్వి ఏటి ఒడ్డునే ఉంది. వారు కాలం చేసిన చిప్పగిరి మన జిల్లాలోదే. హరికథామృతసారం రచించిన జగన్నాథదాసులది ఏటికి ఆవలి మాన్వి. అందుచేత ఆరాధన రోజుల్లో వేదిక మీద కచేరీ ఒకవైపు, కన్నడ దేశపు భజన మండళ్ల పాట మరొకవైపు పొద్దుపోయేదాకా సాగుతాయి. కచేరీ ముగిసేసరికి అర్ధరాత్రి కావస్తుంది. నిద్ర ముంచుకొస్తుంటే చేతిలో మూట, చంకలో బిడ్డతో చీకట్లో జాగా వెతుక్కునే మనిషి సహజంగా ఎటు నడుస్తాడు? చల్లగా, వెడల్పుగా, ఎవరూ అడ్డు చెప్పనట్టు కనిపించే ఏటి ఒడ్డుకు. అసలు చిక్కు అక్కడే ఉంది.

అదే ఒడ్డు, వేరే ఋతువు

ఏటి ఒడ్డున పడుకోవడం మన దేశంలో పాత అలవాటే. తిరువయ్యారులో త్యాగరాజస్వామి ఆరాధన కూడా ఏటి ఒడ్డునే. కావేరి గట్టున స్వామి సమాధి ముందు విద్వాంసులందరూ కలిసి పంచరత్న కీర్తనలు పాడతారు. అది పుష్య బహుళ పంచమి, అంటే సుమారు జనవరి. ఈశాన్య ఋతుపవనాల వానలు వెనకబట్టిన కాలం. ప్రయాగలో మాఘమేళాకు గంగ ఇసుక మీద గుడారాల ఊరే లేస్తుంది. అదీ చలికాలమే, నది సన్నబడి ఇసుక తేలిన తర్వాతే ఆ ఊరు కడతారు.

మంత్రాలయం ఆరాధన శ్రావణ మాసంలో వస్తుంది. ఏరు పెరిగే నెల అది. పుష్యమాఘాల్లో పనికివచ్చిన అలవాటు శ్రావణంలో ప్రాణం మీదికి తెస్తుంది. నేను మిత్రులకు చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే: విడిది చూసేటప్పుడు ముందు స్థలాన్ని కాదు, నెలను చూడాలి.

ఆకాశం తెల్లగా, ఏరు ఎర్రగా

మనది వాన తక్కువైన సీమ. ఆరాధన రోజుల్లో ఒక్కోసారి మబ్బుతునక కూడా ఉండదు. అది చూసి "వానెక్కడిది, వరదెక్కడిది" అనుకోవడం సహజం. కాని మన ఏటి నీళ్లు మన ఆకాశం నుండి రావు. తుంగ, భద్ర రెండూ పడమటి కనుమల్లో, చిక్కమగళూరు జిల్లాలో పుట్టి, శివమొగ్గ దగ్గర కూడలిలో కలుస్తాయి. జులై, ఆగస్టు నెలల్లో ఆ కొండల మీద కురిసే వాన హొసపేట దగ్గరి తుంగభద్ర జలాశయాన్ని నింపుతుంది. 1953లో పూర్తయిన ఆ డ్యాంకు 33 గేట్లు. కట్టినప్పుడు దాని సామర్థ్యం సుమారు 133 టీఎంసీలు. పూడిక పడి పడి అది 105.78 టీఎంసీలకు తగ్గినట్టు లెక్క తేలింది. పాత్ర చిన్నదైతే త్వరగా పొంగుతుంది గదా! జలాశయం నిండిందంటే గేట్లు ఎత్తుతారు. ఆ నీరు కొన్ని గంటల తర్వాత మంత్రాలయం ఘట్టాలు తాకుతుంది. ఆ కొన్ని గంటలే మనకు దొరికే గడువు.

ఇది ఊహ కాదు. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యాం 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. మిగతా గేట్ల మీద ఒత్తిడి తగ్గించడానికి వాటినీ ఎత్తవలసి వచ్చింది. దిగువన కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాల వారిని అప్రమత్తం చేశారు. ఇంజనీరు కన్నయ్యనాయుడు గారి ఆధ్వర్యంలో వారం రోజుల్లో తాత్కాలిక గేటు దించి నీటిని ఆపగలిగారు. ఆ యేడు ఆరాధన ఆగస్టు 20, 21, 22 తేదీల్లో వచ్చింది. నడుమ పట్టుమని పది రోజులు! గొలుసు ఆ పది రోజులు ఆగి తెగి ఉంటే ఒడ్డున ఎంతమంది పడుకొని ఉండేవారో ఎవరికి వారు ఆలోచించుకోవాలి.

అలాగని డ్యాం వార్త ఒక్కటి తెలిస్తే చాలదు. డ్యాంకు దిగువన కూడా హగరి వంటి నదులు, లెక్కలేనన్ని వంకలు తుంగభద్రలో కలుస్తాయి. 2009 అక్టోబరు 2వ తేదీ మనకు ఆ పాఠం నేర్పింది. బళ్లారి, రాయచూరు, కర్నూలు జిల్లాల్లోనే కుంభవృష్టి కురిసి మంత్రాలయం నీట మునిగింది. మఠంలోకి నీళ్లు వచ్చాయి. యాత్రికులు మిద్దెల మీద తలదాచుకున్నారు. అప్పటికి ఆరాధన ముగిసి రెండు నెలలు. కాబట్టి రెండు ప్రశ్నలూ అడగాలి: హొసపేటలో ఎంత నీరు వదులుతున్నారు? మన చుట్టుపట్ల రాత్రి వాన పడిందా?

క్యూసెక్కు అనే మాట పత్రికల్లో చదివి వదిలేస్తాం. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు, అంటే రెండు బిందెల నీళ్లు అనుకోండి. లక్ష క్యూసెక్కులంటే సెకనుకు రెండు లక్షల బిందెలు. అప్పుడు ఆ మాట బరువు తెలుస్తుంది.

జాగా చూసే పద్ధతి

"నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు" అన్నారు పెద్దలు. నిజం సంగతి అటుంచి, పల్లం సంగతి మనమూ తెలుసుకోవచ్చు. అందుకు ఏ యంత్రమూ అక్కర లేదు.

మొదటిది, పాత వరద గుర్తులు. ఏటి వైపు తుమ్మ కంపలనూ, కంచెలనూ పరికించి చూడండి. కొమ్మల్లో ఎండుగడ్డి, గుడ్డపేలికలు, చెత్త చిక్కుకొని ఉంటే అంత ఎత్తుకు ఒకనాడు నీరు వచ్చిందని అర్థం. ఆ గుర్తుకు పైన ఉన్న మిట్టలోనే మూట దించాలి. స్థానికులను, ముఖ్యంగా వయసు మళ్లినవారిని, "పెద్దాయనా, నీళ్లు ఎందాకా వచ్చినాయి?" అని అడిగితే చెయ్యి చాపి చూపిస్తారు. ఆ వేలు చూపిన గోడ ఏ పటం కన్నా నమ్మదగింది.

రెండవది, నేల వాలు. సీసాలో సగం నీళ్లు పోసి మూత బిగించి నేల మీద అడ్డంగా పెడితే వాలు ఎటో తెలుస్తుంది. పైవాలు నుండి వచ్చే నీటి లెక్క చూడండి. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గల నేల మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్ల నీళ్లు. నేల పీల్చుకోకపోతే అదంతా పల్లంలో పడుకున్నవాడి చాప కిందికే చేరుతుంది. చిన్న వానకే పడకలు తడవడానికి కారణం ఇదే.

మూడవది, మన్ను. మన పడమటి తాలూకాల్లో నల్లరేగడి ఎక్కువ. పత్తికి అది బంగారం, పడకకు పనికిరాదు. ఎండితే పగుళ్లు విచ్చి తేళ్లకు ఇల్లవుతుంది. తడిస్తే జిగటై గుడారపు మేకులు పట్టు వదులుతాయి. గరుసు నేల, ఎర్ర నేల మేలు. అనుమానమైతే ఒక చెంబు నీళ్లు గుమ్మరించి చూడండి. త్వరగా ఇంకితే ఆ జాగా మంచిది. నీళ్లు నిలిచి మెరుస్తుంటే ఇంకొక జాగా చూసుకోవాలి.

నాలుగవది, నెత్తిన ఏముంది, పక్కన ఏముంది. ఎండుకొమ్మలున్న చెట్టు కింద, కరెంటు తీగల కింద, ఒంటరి చెట్టు కింద వద్దు. బస్సులు, జీపులు నిలిపే మైదానంలో అసలే వద్దు. చీకట్లో బండి వెనక్కి తీసే డ్రైవరుకు నేల మీద పడుకున్న మనిషి కనబడడు. అలాగే శ్రావణంలో చేలన్నీ విత్తి ఉంటాయి. బీడు చూసుకొని, రైతును అడిగి దిగాలి. మన నిద్ర కోసం ఒకరి పైరు తొక్కకూడదు.

ఐదవది, వెలుతురు, మరుగు. ఆడవాళ్లు, పెద్దవాళ్లు ఉన్న బృందం దీపపు వెలుగుకూ మరుగుదొడ్లకూ దూరం పోరాదు. తాగే నీరు కాచినదే తాగాలి. బృందమంతా తప్పిపోతే కలుసుకునే చోటు ఒకటి, నీళ్లు వస్తే పరుగెత్తవలసిన మిట్ట ఒకటి పగలే చూసి పెట్టుకోవాలి.

గాలి, పాట, నిద్ర

ఇన్ని చెప్పి పాట వినబడనంత దూరం పొమ్మంటే ఎవరూ వినరు. దానికీ ఉపాయం ఉంది. శ్రావణంలో ఇక్కడ గాలి ఎక్కువగా పడమటి వైపు నుండి వీస్తుంది. గాలి వీచే దిక్కుకు శబ్దం నేలవైపు వంగుతుంది. గాలికి ఎదురు దిక్కున పైకి లేచిపోతుంది. అందువల్ల వేదికకు తూర్పున ఉన్న మిట్ట మీద, కొంత దూరంలో ఉన్నా పాట చక్కగా వినవస్తుంది. పొయ్యిల పొగ మాత్రం మనకు పడమట లేకుండా చూసుకోవాలి. గుడారం వీపు పడమటికి తిప్పి, వాకిలి తూర్పుకు పెడితే జల్లు కొట్టదు. మీది ఎమ్మిగనూరు నేత దుప్పటి ఐతే సరే, కింద మాత్రం ఒక ప్లాస్టిక్ పట్ట తప్పదు.

ఈ బాధ మన ఒక్కరిదే అనుకోకండి. ఇంగ్లండులో పిల్టన్ గ్రామం దగ్గరి వర్తీ ఫాం పొలాల్లో 1970 నుండి గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవం జరుగుతున్నది. 2005 జూన్‌లో ఒక తెల్లవారుజామున కురిసిన ఉరుముల వానకు అక్కడ పల్లంలో వేసిన గుడారాలు నీట మునిగాయి. మిట్టన వేసుకున్నవారు బురద తొక్కి బయటపడ్డారు. డబ్బు, నాగరికత, మంచి గుడారం ఏదీ పల్లాన్ని మిట్ట చేయలేదు.

మన పని

చదువుకున్న మనం ముందుగా పోయి మంచి మిట్టను ఆక్రమించుకొని హాయిగా పడుకుంటే ఈ విద్య నేర్చినందుకు ఫలమేమి? ఆలస్యంగా, అర్ధరాత్రి, కాలినడకన వచ్చేవారే పల్లంలో పడుకుంటారు. పేదవాడికి మిగిలేది ఎప్పుడూ మిగిలిపోయిన జాగానే.

కనుక నాదొక సూచన. వచ్చే ఆరాధనకు మన కళాశాల జాతీయ సేవా పథకం విద్యార్థులు రెండు రోజులు ముందుగా, అధికారుల అనుమతితో, మంత్రాలయం పోవాలి. పాత వరద గుర్తులు అడిగి తెలుసుకొని, వాటికి పైన సురక్షితమైన బీళ్లకు సున్నంతో గీత గీయాలి. తెలుగులోనూ కన్నడంలోనూ "ఇక్కడ పడుకోవచ్చు", "ఇక్కడ వద్దు" అని పలకలు నాటాలి. రోజుకు మూడు పూటలా డ్యాం విడుదల లెక్క కనుక్కొని నల్లబల్ల మీద రాయాలి. కచేరీ ముగిశాక ఇద్దరిద్దరు చొప్పున ఒడ్డు వెంట నడిచి, పడుకున్నవారిని "అమ్మా, ఇక్కడ వద్దు, లేవండి, మిట్ట మీద జాగా ఉంది" అని మెల్లగా లేపి తీసుకురావాలి. మూట మనం మోయాలి. నిద్రలో లేపితే తిడతారు, పడదాం. తెల్లవారి ఏరు పెరగకపోయినా మన శ్రమ వృథా కాదు. ఆ రాత్రి వారికి కంటినిండా నిద్ర పట్టి ఉంటుంది, అంతే చాలు.