వెబ్‌సైటు పలికెడి వాగ్దానము

మనము ఒక వెబ్‌సైటును తెరచినపుడు తెరపై కనబడునది సర్వరు పంపిన దానిలో ఒక భాగము మాత్రమే. దానికి ముందు, పాఠకుని కంటబడకుండ, బ్రౌజరు మాత్రమే చదువుకొనెడి కొన్ని పంక్తులు వచ్చును. వీనిని హెడరులందురు. ఉత్తరమునకు కవరుపై చిరునామా, తపాలా ముద్ర ఎట్టివో, వెబ్ పుటకు ఇవి అట్టివి.

గోప్యతను గూర్చిన వాగ్దానమును కూడ ఈ హెడరులలో పంపవచ్చునను ఆలోచనకు రూపమే పీ3పీ అను ప్రమాణము. లోరీ క్రేనర్ అధ్యక్షతన పనిచేసిన బృందము రూపొందించిన దీనిని డబ్ల్యూ3సీ సంస్థ 2002 ఏప్రిల్ 16న ఆమోదించినది. పేజీల కొలది సాగెడి గోప్యతా విధానమును చదువువారు అరుదు. నా మట్టుకు నేనును ఎన్నడును పూర్తిగా చదివి ఎరుగను. ఆ పనిని బ్రౌజరే చేసి, విధానమును వినియోగదారుని ఇష్టముతో పోల్చి చూడవలెనన్నది దీని ఉద్దేశము. పూర్తి విధానము ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా నుండును. కుకీలకు సంబంధించిన సారాంశము మూడేసి అక్షరముల సంకేతములుగా హెడరులో వచ్చును. 'ఎన్‌ఓఐ' అనగా వ్యక్తిని గుర్తింపదగిన సమాచారము సేకరింపమని అర్థము. 'ఓయూఆర్' అనగా సేకరించినది మాకును, మా తరఫున పనిచేయువారికిని మాత్రమే చేరునని.

హెడరును చేర్చుట కష్టము కాదు. అపాచీ అను ఓపెన్ సోర్సు సర్వరులో 'మాడ్ హెడర్స్' అను మాడ్యూలు గలదు. అమరికల ఫైలులో ఒక్క పంక్తి వ్రాసిన చాలును. కష్టమంతయు ఆ పంక్తిలో ఏమి వ్రాయవలెనన్న దానిలో నున్నది.

2001లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6, ఇతర సైటుల నుండి వచ్చు కుకీలకు ఈ సంకేతములు లేనిచో, మామూలు అమరికలో వానిని నిరాకరించెడిది. కనుక కుకీ పనిచేసిన చాలునని, ఎవరో వ్రాసిన సంకేతముల వరుసను అర్థము తెలియకయే అతికించుకొన్నవారు అనేకులు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో 33,139 వెబ్‌సైటుల సంకేతములను పరిశీలించి, 11,176 సైటులలో దోషములు కనుగొనిరి. చేయని వాగ్దానమును చేసినట్లు యంత్రము నమ్మినది. ఆ యంత్రమును నమ్మి పాఠకుడు నిశ్చింతగా నుండెను.

ఇచటనే మాడ్యూలు వ్రాయువాని బాధ్యత తెలియుచున్నది. ముందే నింపిన నమూనా విధానముతో మాడ్యూలును పంచిపెట్టుట సౌకర్యమువలె కనబడును గాని, అది ఇతరుల పేర అబద్ధపు సాక్ష్యము చెప్పుటయే. మంచి మాడ్యూలు ఖాళీగా ప్రారంభము కావలెను. సైటు యజమానిని ఒక్కొక్క ప్రశ్న అడుగవలెను. సమాధానములు అసంపూర్ణములైనచో హెడరును పంపరాదు. మూలము బహిరంగముగా నుండుటచే ఏ సమాధానము ఏ సంకేతమైనదో ఎవరైనను సరిచూడవచ్చును. అయితే ఆ తరువాత డేటాబేసులో ఏమి జరుగునో ఏ మాడ్యూలును చూపజాలదు.

2018లో డబ్ల్యూ3సీ ఈ ప్రమాణమును కాలము చెల్లినదిగా ప్రకటించినది. 2020లో వెలువడిన గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్ ఈ త్రోవను తలక్రిందు చేసి, 'నా సమాచారమును అమ్మవద్దు' అను వినియోగదారుని కోరికనే బ్రౌజరు ద్వారా సర్వరుకు పంపుచున్నది. మన దేశమున 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, సమ్మతి కోరు నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకొను వీలుండవలెనన్నది. తెలుగు, ఉర్దూ రెండును ఆ పట్టికలో నున్నవి. మన విద్యార్థులు పూనుకొనదగిన మాడ్యూలు ఇదియే. ఉర్దూ కుడి నుండి ఎడమకు నడచును గనుక, మాటలతో పాటు పుట అమరికను కూడ ఆ మాడ్యూలే మార్చవలసి యుండును.