వారానికి ఒక్క ఇంటిపని చాలు పాపా

కదిరి

చిరంజీవి పాపకు,

నంబులపూలకుంట పక్క బడికి టీచరుగా పోయి నెల తిరగకుండానే నీకు హోంవర్కుతో తగువు మొదలైందని మీ అమ్మ చెప్పింది. సగం మంది చేసుకురారంట, చేసుకొచ్చిన నాలుగు నోటుబుక్కుల్లో ఒకరి చేతిరాతే ఉంటుందంట, ఇంటివాళ్ళను పిలిపిస్తే ఒక్కరూ రారంట. ఫోన్లో చెప్తే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని కాగితం తీసుకున్నా.

ముందు ఒక పని చెయ్. మీ బడిలో ప్రతి పిల్లవాడి పేరు పక్కన, సాయంత్రం ఏడు గంటలకు ఆ ఇంట్లో ఎవరుంటారో పెన్సిలుతో రాసుకో. నంబులపూలకుంట చుట్టుపక్కల పల్లెల్లో అమ్మానాన్నలు బెంగళూరులో కట్టడం పనికి పోయి, పిల్లలు అవ్వాతాతల దగ్గర పెరిగే ఇళ్ళు నీకు తగులుతాయి. ఇంకొన్ని ఇళ్ళలో అమ్మ ఉంటుంది, కానీ పొద్దున ఉపాధి పనికి, అక్కణ్ణుంచి గొర్రెల వెంట, దీపాల వేళకు ఇంటికి. తండా పిల్లల ఇంట్లో లంబాడీ, కొందరి ఇంట్లో ఉర్దూ. నువ్వు వాట్సాప్ గ్రూపులో పెట్టే హోంవర్కు ఫొటో నాన్న ఫోనుకు పోతుంది. ఆ ఫోను నాన్నతో పాటే బెంగళూరులో ఉంది. ఇంకెవరు చూడాల దాన్ని?

అక్షరం రాని అవ్వ చెయ్యలేని పనిని ఇంటికి పంపి, ఇంట్లో పట్టించుకునేవాళ్ళు లేరనడం నాకు న్యాయంగా తోచదు. పట్టించుకోవడం వాళ్ళకు చేతనవును. నువ్వు పంపే పనే వాళ్ళకు అందేది కాదు.

రూలు కూడా నీ పక్కనే ఉంది, ఎవరైనా అడిగితే చెప్పు. 2020లో కేంద్రం తెచ్చిన బడి సంచి విధానం ప్రకారం ఒకటి, రెండు తరగతులకు హోంవర్కే లేదు. మూడు నుంచి ఐదు వరకు వారానికి రెండు గంటలు మించకూడదు. రోజుకు కాదు, వారానికి. ఈ మాట కొత్తదీ కాదు. ఆర్.కె. నారాయణ్ రాజ్యసభ సభ్యుడిగా ఉన్నప్పుడు పసిపిల్లల పుస్తకాల మోత గురించి మాట్లాడినారు. తర్వాత యశ్‌పాల్ కమిటీ 1993లో ఇచ్చిన నివేదికలో, ప్రాథమిక తరగతులకు ఇంటిపని అక్కర్లేదు, ఇస్తే ఇంటి చుట్టూ ఉన్నది పిల్లలు వెతికి తెలుసుకునేట్టు ఇవ్వండి అని తేల్చింది. అమెరికాలో హారిస్ కూపర్ అనే ఆయన ఎన్నో అధ్యయనాలను కలిపి 2006లో చూస్తే, చిన్న తరగతుల్లో హోంవర్కుకూ మార్కులకూ సంబంధం అంతంత మాత్రమే అని తేలింది. చదువు పోటీకి పేరుపడిన చైనా కూడా 2021లో ఒకటి, రెండు తరగతులకు రాత హోంవర్కు వద్దంది.

అట్లని ఏమీ ఇవ్వకుండా ఉండేవు! హోంవర్కు ఇయ్యని బడి బడే కాదని మనవాళ్ళ నమ్మకం. కదిరిలో ప్రైవేటు బడికి పోయే పక్కింటి పిల్ల రాత్రి పది దాకా రాస్తూ ఉంటుంది కదా, మా పిల్లకేమో ఏమీ లేదే అంటారు. వాళ్ళతో వాదం పెట్టుకోవద్దు. వాళ్ళు కోరేది పిల్ల చదువుతున్నట్టు కంటికి కనపడాలని. దానికి వేరే దారి ఉంది.

సోమవారం ఒక్క పని చెప్పు, శనివారం తీసుకో. ఐదు సాయంత్రాల్లో ఒకటైనా ఇంట్లో తీరిక దొరుకుతుంది. 2025-26 నుంచి మన రాష్ట్రంలో శనివారం సంచి లేకుండా బడికి పోయే రోజు కాబట్టి, ఆ పూటంతా పిల్లలు తెచ్చిన దాని మీదే నడపొచ్చు. ఐదు తరగతులకూ ఐదు పనులు పెట్టుకుంటే నువ్వు నిలబడలేవు. అందరికీ ఒకటే ప్రశ్న, ఎవరి మెట్టు వాళ్ళది.

శనక్కాయ పీకే వారం వచ్చిందనుకో. ఇల్లిల్లూ చేన్లోనే ఉంటుంది, పిల్లలతో సహా. ఆ వారం ఎక్కాలు రాసుకురమ్మంటే ఎవరు రాస్తారు? ఒకటి, రెండు తరగతుల వాళ్ళు ఒక చెట్టు తెచ్చి కాయలు లెక్కపెట్టి చెబితే చాలు. మూడో తరగతి వాళ్ళు ఐదు చెట్లవి లెక్కపెట్టి, ఏ చెట్టుకు ఎన్నో రాయాల. నాలుగు, ఐదు వాళ్ళు సగటు కట్టాల, కాయకు ఎన్ని గింజలో చూడాల, విత్తనం కదిరి-6నా, లేపాక్షినా, ఎక్కడ కొన్నారు, మూట ఎంత పడింది అని ఇంట్లో అడిగి రావాల. కదిరి పరిశోధన కేంద్రం నుంచే వచ్చిన విత్తనాలు అవి, మనూరి పేరుతో ఉన్నాయని పిల్లలకు చెప్పు, మురిసిపోతారు. చెట్టుకు ఎన్ని కాయలు అనేదే కదా మన రైతు గట్టు మీద నిలబడి మొదట చూసేది. ఆ లెక్కలో తాత నీకంటే గట్టివాడు. ఇక నోటుబుక్కుల్లో ఒకే చేతిరాత అంటావా, ఒక్కో చేనులో ఒక్కో లెక్క వస్తుంది, పక్కవాడిది చూసి రాస్తే ఏం లాభం?

ఇంకో వారం కరెంటు బిల్లు. చీటీ మీద వెనకటి రీడింగు, ఇప్పటి రీడింగు రెండూ ఉంటాయి. తీసివేత నేర్పడానికి ఇంతకంటే మంచి లెక్క ఏ పుస్తకంలో ఉంది? చిన్నవాళ్ళు ఇంట్లో బల్బులు, ఫ్యాన్లు లెక్కపెట్టి రావాల. 2016లో 250 మెగావాట్లతో మీ మండలంలోనే సోలార్ పార్కు మొదలైంది. బడికి వచ్చే దారిలో ఆ పలకలు చూసే పిల్లలకు తమ ఇంటి మీటరు ఎన్ని యూనిట్లు తిరిగిందో తెలియకపోతే ఎట్లా?

గూటిబయలు తిమ్మమ్మ మర్రిమాను సంగతి కూడా ఒక వారానికి పెట్టు. 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కిన చెట్టు, దాదాపు ఐదు ఎకరాలు కమ్ముకుని ఉంది. మా ఇంటి స్థలం ఎంత, అది దాంట్లో ఎన్నిసార్లు పడుతుంది అని పెద్దపిల్లలు కట్టుకోవచ్చు. తిమ్మమ్మ కథ మాత్రం జాగ్రత్త. అందులో చితి ఉంది. ఇంట్లో అవ్వ చెప్పనే చెబుతుంది, ఆపలేవు. బడిలో నువ్వు చెట్టు దగ్గరే ఆగు.

ఇది నా తలలో పుట్టిన తెలివేం కాదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్ళు చుట్టూ ఉన్న పల్లెల్లో చిన్న బడులు పెట్టి, పాఠాలను కార్డులుగా విడగొట్టి, ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలూ ఎవరి మెట్టు వాళ్ళు ఎక్కేట్టు ఏనాడో చేసి చూపించినారు. మెట్రిక్ మేళా అని పెట్టి, పిల్లలే ఊరివాళ్ళ ఎత్తూ బరువూ కొలిచేవాళ్ళు. బడిలో ఏం నేర్పుతున్నారో ఊరు కళ్ళారా చూసేది. ఒక సెలవు చూసుకుని పోయి రా, మీ ఊరికి మరీ దూరం కాదు.

ఇక రోజూ చెయ్యాల్సింది ఒకటే, చదివి వినిపించడం. పది నిమిషాలు. 2020-21 నుంచి మన పాఠ్యపుస్తకాల్లో ఒక పక్క తెలుగు, ఎదురుగా ఇంగ్లీషు ఉన్నాయి. ఇంగ్లీషు మీడియం కదా, మాకేం తెలుస్తుంది అని చేతులెత్తేసే అమ్మకు ఈ తెలుగు పక్క చూపించు. పిల్ల ముందు తెలుగు చదవాల, తర్వాత ఇంగ్లీషు. అవ్వ పక్కన కూర్చుని వినాల. ఆమెకు అక్షరం రాకపోవచ్చు. పిల్ల ఎక్కడ తడబడిందో చెవికి తెలియదా? "ఆ తర్వాత ఏమాయె?" అని అడగడానికి చదువు అక్కర్లేదు. తండా అవ్వ తన మాటలో అడుగుతుంది, పిల్ల ఆ మాటలోనే కథ చెబుతుంది. అదీ చదువే, దాన్ని తక్కువగా చూడొద్దు.

ఇంటివాళ్ళకు గట్టిగా చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. తప్పు దిద్దొద్దు, తప్పుతోనే పంపండి అని. అక్క రాసిచ్చినా, గైడు చూసి దించినా నీకు పిల్లవాడి సంగతి తెలిసే దారి మూసుకుపోతుంది. మందు రాసే డాక్టరు దగ్గరికి జ్వరం దాచిపెట్టి పోతామా? ఈ మాట చాలామంది తల్లులకు వింతగా ఉంటుంది, తప్పులుంటే కొడతారని వాళ్ళ భయం. ఆ భయం నీ వల్లే పోవాల. విద్యాహక్కు చట్టం 17వ సెక్షను కొట్టడాన్నీ, మనసు నొప్పించడాన్నీ రెండింటినీ నిషేధించింది. పని చేసుకురాని పిల్లను నిలబెట్టడం ఆ రెండోదాని కిందికే వస్తుందని నా లెక్క. నిలబెట్టేకంటే "నిన్న రాత్రి ఇంట్లో ఎవరున్నారు తల్లీ?" అని అడుగు.

పెద్దవాళ్ళను పిలిస్తే రారంటున్నావు. 2025 జులై 10న రాష్ట్రమంతా మెగా తల్లిదండ్రుల సమావేశం జరిగింది, మన జిల్లాలో కొత్తచెరువు బడికి ముఖ్యమంత్రే వచ్చినారు. మంచిదే, ఆ రోజు ఊరు ఊరంతా వస్తుంది. కానీ పనిరోజున కూలి పోగొట్టుకుని నీ ఎదుట కూర్చోమంటే కష్టం. నువ్వే పో. బియ్యం ఇచ్చే రోజు రేషను దగ్గర, పొద్దు గూకినాక కట్ట మీద, అందరూ అక్కడే ఉంటారు. నోటుబుక్కు చేతిలో పెట్టుకుని "అమ్మా, మీ పిల్ల ఎంత బాగా లెక్కపెట్టిందో చూడండి" అని మొదలుపెట్టు. ఫిర్యాదుతో పోతే రెండోసారి నిన్ను చూసి పక్క సందులోకి తిరుగుతారు.

బెంగళూరులో ఉన్న నాన్నలను కూడా వదిలిపెట్టొద్దు. ఆదివారం ఫోన్ చేసినప్పుడు అన్నం తిన్నావా, బాగా చదువుతున్నావా అని రెండు ముక్కలు అడిగి పెట్టేస్తుంటారు. ఈ వారం మేడమ్ ఏం అడిగింది, నువ్వు ఏం చెప్పినావు అని అడగమని ఒక మెసేజి పెట్టు. నీ వాట్సాప్ గ్రూపు అందుకు పనికొస్తుంది.

వచ్చే ఆదివారం కదిరికి రా, ఇద్దరం కూర్చుని మూడు నెలలకు సరిపడా పనులు రాసుకుందాం. మీ పల్లెల్లో ఏ వారం శనక్కాయ పీకుతారో కనుక్కుని రా. విత్తనం పడిన తేదీని బట్టి ఊరూరికీ మారుతుంది కాబట్టి అది ఇక్కడి నుంచి నేను చెప్పలేను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ