టిన్ ఫిల్మ్ వేసే చేతికి కొన్ని జాగ్రత్తలు

సీసం లేని పెరోవ్‌స్కైట్ సోలార్ సెల్స్ ల్యాబ్‌లో జేఆర్‌ఎఫ్‌గానో టెక్నీషియన్‌గానో చేరారా? మొదట్లో ఎఫిషియెన్సీ అంకెల జోలికి పోకండి. ఎన్నిసార్లు వేసినా ఒకేలా వచ్చే ఫిల్మ్ వేయడం నేర్చుకోండి.

సీసం బదులు ఎక్కువగా వాడేది టిన్. 2014లో ఆక్స్‌ఫర్డ్, నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీల బృందాలు టిన్ సెల్స్‌తో దాదాపు 6 శాతం సాధించాయి. ఇప్పుడది 15 శాతం దాటింది. సీసం సెల్స్ మాత్రం 25 శాతం పైమాటే. ఈ తేడాకు ముఖ్య కారణం ఆక్సిజన్. అది సోకితే ప్లస్ 2 స్థితిలోని టిన్ ప్లస్ 4కు మారి, పొర పాడైపోతుంది.

అందుకే రసాయనాల సీసా మూత తీసే ముందు గ్లవ్‌బాక్స్ మీటర్ చూడండి. ఆక్సిజన్, తేమ రెండూ 1 పీపీఎం లోపే ఉండాలి. ఐటీవో (విద్యుత్ వాహక పూత) గాజును సబ్బునీళ్లు, డీఐ వాటర్, అసిటోన్, ఐపీఏలతో వరసగా సోనికేటర్‌లో కడిగి, యూవీ-ఓజోన్‌లో పెట్టండి.

ద్రావణం ఏ రోజుకారోజు కలుపుకోండి. టిన్ ఫ్లోరైడ్ సుమారు 10 మోల్ శాతం కలిపితే ఆక్సీకరణ తగ్గుతుంది. ద్రావణిగా డీఎంఎస్ఓ వాడితే వేడి చేయకండి, అదే టిన్‌ను ఆక్సీకరిస్తుంది. పసుపు రంగు ద్రావణం నారింజ, ఎరుపు వైపు తిరిగిందా, మొహమాటం లేకుండా పారబోయండి.

అసలు పరీక్ష స్పిన్ కోటింగ్ దగ్గర. టిన్ స్ఫటికాలు సీసం వాటికన్నా త్వరగా ఏర్పడతాయి. యాంటీసాల్వెంట్ (స్ఫటికాలు కట్టించే ద్రవం) వదలడం రెండు మూడు సెకన్లు ఆలస్యమైతే చాలు, పొర మసకబారుతుంది, సన్న రంధ్రాలు పడతాయి. పిపెట్ ముందే నింపి, గాజు మధ్యకు గురిపెట్టి, ఆగకుండా వదలండి. మంచి ఫిల్మ్ ముదురు రంగులో అద్దంలా మెరుస్తుంది. కుదరకపోతే ఒకసారికి ఒక్కటే మార్చండి: సమయమో, స్పిన్ వేగమో, హాట్‌ప్లేట్ వేడో.

సీసం లేదు కదా అని ధీమా వద్దు. ద్రావణిగా వాడే డీఎంఎఫ్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది, గర్భస్థ శిశువుకు హానికరం. నైట్రైల్ గ్లవ్స్ దాన్ని ఎక్కువసేపు ఆపలేవు. చుక్క పడితే వెంటనే మార్చేయండి.

సీసా లాట్ నంబరు, పీపీఎం, యాంటీసాల్వెంట్ వదిలిన సెకను, చెడిన ఫిల్మ్ వివరం అన్నీ నోట్‌బుక్‌లో రాయండి. రేపు ఏ ఇంటర్వ్యూలోనైనా ఒక్క మంచి సెల్ కన్నా, దాన్ని మళ్లీ చేసి చూపగలగడానికే విలువ.