ఒక ఉత్తరం – ఒక వేలిముద్ర

నాంపల్లి స్టేషను. బండి రావడానికి ఇంకా టైం ఉంది. ఇద్దరు యారాండ్లు బల్ల మీద కూర్చున్నారు. పొద్దున ఆబిడ్స్‌కు వచ్చారు. జగదీష్ మార్కెట్‌లో చిన్నామెకు ఫోను కొన్నారు. కొత్త ఫోను. చిన్నామె దాన్ని మాటిమాటికీ తీసి చూస్తున్నది.

ఫోను మోగింది. ఎవరో వీడియో పంపారు. అందులో కొందరు మగవాళ్ళు ఒక ఆడపిల్లను బలాత్కారం చేస్తున్నారు. కింద ఇలా రాసి ఉంది: 'అందరికీ పంపండి. వీళ్ళు దొరకాలి.'

చిన్నామె కూడబలుక్కుని చదివింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అక్కా, మన సంఘం ఆడోళ్ళందరికీ పంపుదామా? ఆ దుర్మార్గులు దొరుకుతరు గదా!"

"ఆగు చెల్లె. ఎంతమందికి పంపితే అంతమంది ఆ పిల్లను చూస్తరు. మన పిల్లే అయితే పంపుతవా?"

చిన్నామె వేలు ఆగిపోయింది.

"మరి చూసి ఊకుందామా?"

"ఊకోవద్దు. ఊకోని ఆడమనిషి ఈ ఊళ్ళోనే ఉంది. సంఘం మీటింగులో చెప్పిన్రు, విను."

పెద్దామె చెప్పిన సంగతి ఇది.

హైదరాబాదులో ప్రజ్వల అనే సంస్థ ఉంది. 1996లో మొదలైంది. అమ్ముడుపోయిన ఆడవాళ్ళను, పిల్లలను అది కాపాడుతుంది. దాన్ని స్థాపించిన వారిలో సునీతా కృష్ణన్ ఒకరు. 2015లో ఇలాంటి వీడియోలు రెండు ఆమె దగ్గరకు వచ్చాయి. అవి వాట్సాప్‌లో ఫోను నుంచి ఫోనుకు తిరుగుతున్నాయి. ఆమె సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారు. ఆ ఉత్తరాన్నే కోర్టు కేసుగా తీసుకుంది. నేరస్తులను పట్టుకోవాలని సి.బి.ఐ.ని ఆదేశించింది.

2017లో కోర్టు ఒక కమిటీని వేసింది. ప్రభుత్వ అధికారులు అందులో ఉన్నారు. గూగుల్, ఫేస్‌బుక్, వాట్సాప్ వంటి కంపెనీల వాళ్ళు వచ్చి మాట్లాడారు. ఇలాంటి వీడియోలను ఆపేదెట్లా అని అందరూ ఆలోచించారు. 2018లో ప్రభుత్వం ఫిర్యాదుల కోసం ఇంటర్నెట్‌లో ఒక చోటు పెట్టింది. దాని పేరు జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్. ఇలాంటి వీడియోల గురించి అక్కడ పేరు చెప్పకుండా కూడా తెలపవచ్చు.

"అక్కా, ఒకచోట తీసేస్తే ఇంకోచోట పెడతరు గదా?"

"చదువు రాకముందు నువ్వు ఏం వేసేదానివి?"

"వేలిముద్ర."

"వీడియోకు కూడా వేలిముద్ర ఉంటది."

కంప్యూటరు వీడియోను లెక్కగట్టి పెద్ద సంఖ్యగా మారుస్తుంది. అదే ఆ వీడియో వేలిముద్ర. అదే వీడియోను మళ్ళీ ఎవరైనా పెడితే వేలిముద్రలు కలుస్తాయి. అప్పుడు కంపెనీ దాన్ని ఆపగలదు. వేలిముద్ర చూసి మనిషి ముఖం గీయలేరు. అట్లాగే ఆ సంఖ్య చూసి వీడియోను తిరిగి తయారు చేయలేరు.

స్టాప్ ఎన్.సి.ఐ.ఐ. అనే సేవ ఇట్లాగే పనిచేస్తుంది. ఇది 2021లో మొదలైంది. 'నీ ఫోటోలు బయట పెడతా' అని ఎవరైనా బెదిరిస్తే 18 ఏళ్ళు నిండిన వాళ్ళు దీన్ని వాడుకోవచ్చు. ఫోటో ఆమె ఫోనులోనే ఉంటుంది. వేలిముద్ర మాత్రమే కంపెనీలకు వెళుతుంది.

చట్టం కూడా ఉంది. ఇలాంటి వీడియోను ఇంకొకరికి పంపడం ఐ.టి. చట్టం ప్రకారం నేరం. అత్యాచారానికి గురైన ఆమె పేరు బయట పెట్టడమూ నేరమే. మంచి మనసుతో పంపానంటే ఆ పిల్ల పరువు తిరిగి రాదు.

చిన్నామె సంచిలోంచి కాగితం, పెన్ను తీసింది. వీడియో ఏ నంబరు నుంచి వచ్చిందో రాసింది. తేదీ రాసింది. టైం రాసింది.

"పోలీసు స్టేషనుకు పోవాల్నా? ఏ స్టేషనుకు?"

"ఏ స్టేషనైనా సరే. నేరం ఎక్కడ జరిగిందో తెల్వకున్నా ఫిర్యాదు తీసుకోవాలె. ఇక్కడనే రైల్వే పోలీసులు ఉన్నరు."

అంతలో బండి వచ్చింది. జనం ఎక్కుతున్నారు. చిన్నామె బండి వైపు చూసింది. కాగితం వైపు చూసింది.

"ఇంకో బండికి పోదాం అక్కా" అంది.

ఇద్దరూ రైల్వే పోలీసుల దగ్గరకు నడిచారు. ఫిర్యాదు రాశారు. కింద చిన్నామె సంతకం చేసింది. అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి. అయినా ఆమె పేరు స్పష్టంగా కనపడుతున్నది.

గుర్తుంచుకోండి
చెడ్డ వీడియో వస్తే ఎవరికీ పంపవద్దు. వచ్చిన నంబరు, తేదీ రాసుకుని ఫిర్యాదు చేయాలి. ఫోనులో డబ్బు మోసం జరిగితే వెంటనే 1930కి ఫోను చేయాలి. ఆపదలో ఉంటే 112. ఆడవాళ్ళ సహాయానికి 181.

ఆలోచించండి
1. చిన్నామె మొదట వీడియోను ఎందుకు పంపాలనుకుంది? అది తప్పు ఎట్లా అయింది?
2. ఉత్తరం కేసుగా ఎట్లా మారింది?
3. వీడియో వేలిముద్ర అంటే ఏమిటి? పక్కామెకు చెప్పండి.

రాయండి
1930, 112, 181 నంబర్లను ఇంట్లో గోడ మీద అందరికీ కనపడేట్లు రాసి పెట్టండి.